మన ఇంటి ఆస్తిలో ధమ్మం ఎంత?



ఈసారి పాఠం ఆస్తి గురించి. ఇల్లు, పొలం, ఇంటి స్థలం, కాస్త బంగారం, వాటి వెనకాల ఉన్న అప్పు, ఇవన్నీ కలిపే ఆస్తి. బుద్ధ విహారంలో ఆస్తి మాటలేంటని కొందరికి అనిపించవచ్చు. ధమ్మం అంటే కళ్లు మూసుకుని కూర్చోవడమే అనుకుంటే అలాగే ఉంటుంది. కానీ బాబాసాహెబ్ మన చేతికిచ్చిన ధమ్మం మనిషికీ మనిషికీ మధ్య ఉండాల్సిన న్యాయం గురించి చెబుతుంది. ఆ న్యాయం ఎక్కువగా దెబ్బతినేది పొలం గట్టు దగ్గర, ఇంటి గోడ దగ్గర, పట్టాదారు పాస్‌బుక్కు దగ్గరే.

ఈ పాఠంలో మూడు ప్రశ్నలున్నాయి. ఆస్తి గురించి బుద్ధుడు ఏం చెప్పాడు? మన దేశంలో ఆస్తి ఎవరి దగ్గర పోగుపడింది, ఎందుకు? మన ఇళ్లలో దాన్ని మనం ఎలా పంచుకుంటున్నాం? మూడోది కష్టమైన ప్రశ్న. అందుకే చివర పెట్టాను. అది వచ్చేదాకా పుస్తకం మూయకండి.

1. బుద్ధుడు పేదరికాన్ని పొగడలేదు

భిక్షువు ఆస్తి వదులుకున్నాడంటే అది తాను కోరి ఎంచుకున్న దారి. మన తాతలు కటిక పేదరికంలో బతికారంటే అది వాళ్లు ఎంచుకున్నది కాదు, వాళ్ల మీద రుద్దినది. ఈ రెండింటినీ ఒకటిగా చూడకూడదు.

సంసారం చేసుకునేవాళ్లకి బుద్ధుడు వేరే మాట చెప్పాడు. అనాథపిండికుడు అనే గృహస్థుడికి నాలుగు సుఖాలు వివరించాడు. న్యాయంగా సంపాదించినది ఉందన్న సుఖం. దాన్ని అనుభవిస్తూ, మంచి పనులకి వాడుతున్నానన్న సుఖం. ఎవరికీ బాకీ లేనన్న సుఖం. నాలుగోది, చేతతో గానీ మాటతో గానీ మనసుతో గానీ తప్పు చేయలేదన్న సుఖం. మొదటి మూడూ కలిపినా ఈ నాలుగో దాంట్లో పదహారో వంతుకి సరిరావని కూడా చెప్పాడు. ఈ నాలుగో సుఖాన్ని గుర్తుపెట్టుకోండి. పాఠం చివర దానితో మనకి పని ఉంది.

సిగాల సుత్తంలో సంపాదనని నాలుగు భాగాలు చేయమన్నాడు. ఒక భాగం ఇంటి వాడకానికి, రెండు భాగాలు పనికి పెట్టుబడిగా, నాలుగో భాగం కష్టకాలానికి. రోజు కూలితో గడిచే ఇంట్లో ఈ లెక్క అచ్చంగా కుదరదు, నిజమే. అయినా వచ్చినదంతా ఒక పెళ్లికో ఒక జాతరకో ఊడ్చి పెట్టొద్దనే నీతి అందరికీ పనికొస్తుంది.

రాజ్యం చేయాల్సింది ఏమిటో కూడా బుద్ధుడు చెప్పకుండా వదల్లేదు. చక్కవత్తి సీహనాద సుత్తంలో ఒక రాజు ప్రజలకి రక్షణ ఇస్తాడు గానీ లేనివాళ్లకి ధనం అందేలా చూడడు. దానివల్ల పేదరికం పెరుగుతుంది. పేదరికం నుంచి దొంగతనం, దొంగతనం నుంచి కత్తులు, కత్తుల నుంచి హత్యలు, వాటితోపాటు అబద్ధాలు. ఎక్కడ మొదలైందో చూడండి. పేదవాడి బుద్ధి దగ్గర కాదు, పంపకం దగ్గర.

2. ఆస్తి ఎవరి దగ్గరుంది?

కేంద్ర ప్రభుత్వం 2019లో అఖిల భారత రుణ, పెట్టుబడుల సర్వే చేసింది. దాని ప్రకారం పల్లెల్లో పైనున్న 10 శాతం కుటుంబాల దగ్గర మొత్తం ఆస్తిలో సగం ఉంది. కిందనున్న 50 శాతం కుటుంబాలన్నిటికీ కలిపి 10 శాతమే దక్కింది. పట్టణాల్లో ఇంకా ఘోరం. పై 10 శాతం చేతిలో 55 శాతానికి పైగా, కింది సగం మందికి 6 శాతం.

ఆ సర్వేలోనే ఇంకో సంగతి ఉంది. పల్లె కుటుంబాల ఆస్తి విలువలో సుమారు 90 శాతం భూమి, ఇల్లే. అంటే మన దేశంలో ఆస్తి ఉందంటే భూమి ఉన్నట్టు. భూమి ఎవరికుందో చూస్తే మిగతాదంతా తెలిసిపోతుంది. 2011 జనాభా లెక్కల్లో షెడ్యూల్డ్ కులాల వాళ్లు 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణనలో సాగు కమతాల విస్తీర్ణంలో వాళ్ల చేతిలో ఉన్నది 9 శాతం కన్నా తక్కువ.

ఇది కష్టపడకపోవడం వల్ల వచ్చిందా? నాట్లు వేసేదెవరు, కోత కోసేదెవరు? కూలి డబ్బు సాయంత్రానికి బియ్యంగా, మందుబిళ్లగా మారిపోతుంది. భూమి ఉన్నవాడు పడుకుని లేచినా దాని ధర పెరుగుతుంది. పక్కన రోడ్డు పడితే, కాలేజీ వస్తే, ఫ్యాక్టరీ వస్తే పెరుగుతుంది. ఆ రోడ్డు వేసింది అందరి పన్నుల డబ్బుతో. లాభం మాత్రం పాస్‌బుక్కులో పేరున్నవాడిది. ఒక తరంలో భూమి దొరకని కుటుంబం తర్వాతి తరంలో ఎంత సంపాదించినా ఆ దూరం పూడ్చడం కష్టం. జీతం నడిచి వెళుతుంటే భూమి ధర బండెక్కి పోతుంది.

ధరలోనూ కులం ఉంది. ఊళ్లో సెంటు స్థలం ధర, మాలపల్లెలోనో మాదిగవాడలోనో సెంటు ధర పక్కపక్కన పెట్టి చూడండి. మట్టి ఒకటే, కరెంటు స్తంభం ఒకటే. అయినా వాడలో ఇల్లు కొనడానికి పై కులంవాడు రాడు. కొనేవాళ్లు తక్కువైతే ధర తక్కువే. మనం రూపాయి రూపాయి కూడబెట్టి కట్టిన డాబా కూడా ఆ గీత దాటలేకపోతోంది.

ప్రభుత్వం ఇచ్చిన భూమికీ అదే గతి పట్టింది. కొన్నిచోట్ల డీకేటీ పట్టా అంటారు, తెలంగాణలో లావుణి పట్టా అంటారు, అందరికీ తెలిసిన పేరు అసైన్డ్ భూమి. పేదవాడి చేతిలోంచి జారిపోకూడదని 1977లో చట్టం చేసి దాని అమ్మకాన్ని నిషేధించారు. ఉద్దేశం మంచిదే. కానీ అవసరం తరుముకొచ్చినప్పుడు ఆ భూములు తెల్లకాగితాల మీద చౌకగా చేతులు మారాయి. ప్రభుత్వమే తిరిగి తీసుకున్నప్పుడు, ఇది మేమిచ్చిందే కదా అంటూ పట్టా రైతుకిచ్చినంత ధర ఇవ్వలేదు. చేవెళ్ల డివిజన్‌కి చెందిన మేకల పండు కేసులో 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పెద్ద ధర్మాసనం ఈ తేడాని కొట్టేసింది. అసైన్డ్ భూమిని ప్రజావసరానికి తీసుకుంటే పట్టా భూమితో సమానంగా మార్కెట్ విలువ కట్టివ్వాలని చెప్పింది. ఈ తీర్పు సంగతి మీ వాడలో ఎంతమందికి తెలుసో ఒకసారి అడిగి చూడండి.

బాబాసాహెబ్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో హెచ్చరించింది దీని గురించే. ఓటులో సమానత్వం వస్తోంది, బతుకులో అసమానత్వం మిగిలే ఉంటుంది, ఈ వైరుధ్యాన్ని త్వరగా తీసేయకపోతే ప్రజాస్వామ్యమే ప్రమాదంలో పడుతుందని ఆయన అన్నాడు.

3. ఇక మన ఇంట్లోకి వద్దాం

ఇంతవరకు మీరు తల ఊపుతూ చదివి ఉంటారు. అన్యాయం బయటివాళ్లది కాబట్టి. ఇప్పుడు మీ ఇంటి పాస్‌బుక్కు తీయండి. అందులో ఎవరి పేరుంది? మీ అక్కచెల్లెళ్ల పేరుందా?

2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో కమతాలు చేస్తున్నవాళ్లలో ఆడవాళ్లు సుమారు 14 శాతమే. ఈ లెక్కలో మనవాళ్ల ఇళ్లు కూడా ఉన్నాయి. ఆడపిల్లకి కట్నం ఇచ్చాం కదా, ఇంకేం వాటా అనే మాట మన వాడల్లోనూ వినిపిస్తూనే ఉంది. 22 ప్రతిజ్ఞలు తీసుకున్నాం, దేవుడి పటాలు తీసేశాం. పసుపు కుంకుమ పేరు చెప్పి కూతుర్ని సాగనంపే లెక్క మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

ఆ లెక్క ఎంత మోసమో ఒక ఉదాహరణ వేసుకుందాం. పాతికేళ్ల కిందట ఒకాయనకి రెండెకరాలు, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నారనుకోండి. అప్పుడు ఎకరం లక్ష. కూతురికి లక్ష కట్నమిచ్చాడు, రెండెకరాలూ కొడుక్కి ఉంచాడు. చూడ్డానికి ఆమెకి ఎకరం ముట్టినట్టే ఉంది. కానీ ఆ లక్ష ఆమె చేతికి రాలేదు. అత్తింటి చేతికి పోయి ఏడాదిలో ఖర్చయింది. పైగా కట్నం తీసుకోవడం, ఇవ్వడం 1961 నుంచి నేరం. తర్వాత పొలం పక్కన రోడ్డు పడింది, ఎకరం ముప్పై లక్షలైంది. ఇప్పుడు అన్న దగ్గర అరవై లక్షల ఆస్తి, చెల్లెలి దగ్గర ఏమీ లేదు. అన్న ఆమె కన్నా ఎక్కువేం కష్టపడలేదు. ఒకరికి ఖర్చైపోయేది ఇచ్చారు, ఇంకొకరికి పెరిగేది ఇచ్చారు, అంతే. ఊళ్లో భూస్వామి కుటుంబానికీ మన కుటుంబానికీ మధ్య జరిగింది అచ్చం ఇదే కదా!

చట్టం ఏమంటోంది? మనం బౌద్ధులం, హిందూ వారసత్వ చట్టం మనకి వర్తించదని కొందరు అంటున్నారు. అది పొరపాటు. 1956 నాటి ఆ చట్టం బౌద్ధులకి, జైనులకి, సిక్కులకి కూడా వర్తిస్తుందని దాని రెండో సెక్షన్‌లోనే ఉంది. దాని వెనక బాబాసాహెబ్ పోరాటం ఉంది. కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఉండాలని హిందూ కోడ్ బిల్లులో పట్టుబట్టాడు. ఆ బిల్లుని పక్కన పెట్టేయడం 1951లో ఆయన మంత్రి పదవి వదిలేయడానికి ముఖ్య కారణాల్లో ఒకటి. 1956లో చట్టమైతే వచ్చింది గానీ పిత్రార్జితంలో పుట్టుకతో వచ్చే హక్కు కొడుకులకే మిగిల్చారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1985 నుంచి, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకి ఆ హక్కు ఇచ్చింది. 2005 సవరణ దేశమంతటా కూతుళ్లందరికీ, పెళ్లయినవాళ్లకి కూడా ఇచ్చింది. తండ్రి 2005కి ముందే చనిపోయినా కూతురి హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పత్రంతోనో కోర్టు డిక్రీతోనో పంపకాలు జరిగి ఉంటే వాటిని తిరగదోడరు. తండ్రి సొంత సంపాదన ఆయన ఇష్టం. వీలునామా రాయకుండా పోతే భార్య, తల్లి, కొడుకులు, కూతుళ్లు సమాన వారసులు. ఆయన క్రైస్తవుడిగా చనిపోయి ఉంటే 1925 నాటి భారత వారసత్వ చట్టం చూడాలి. అందులోనూ కొడుకుకీ కూతురికీ తేడా లేదు.

4. అడగలేక ఇచ్చింది ఇచ్చినట్టా?

మా చెల్లెలే వద్దంది, సంతకం కూడా పెట్టిందని చాలామంది అంటారు. ఇక్కడే మన రెండో శీలం పరీక్షకి నిలబడుతుంది. అదిన్నాదానా వేరమణి, అంటే ఇవ్వనిది తీసుకోకుండా ఉండటం. దొంగతనం చేయకపోవడం ఒక్కటే దీని అర్థం కాదు.

ఆమె ఎందుకు వద్దంది? వాటా అడిగితే పండక్కి పిలవరు. రేపు మొగుడితో గొడవైతే వచ్చి నిలబడే గుమ్మం ఉండదు. పుట్టింటికి వచ్చిపోయే దారిని ఆమె తన వాటాతో కొనుక్కుంటోంది. మనం దాన్ని ప్రేమ అంటున్నాం. భయంతో పెట్టిన సంతకం రిజిస్ట్రారు ఆఫీసులో చెల్లవచ్చు. శీలం దగ్గర చెల్లుతుందా? అనాథపిండికుడికి చెప్పిన నాలుగో సుఖం, మచ్చలేని సుఖం, ఆ కాగితం పట్టుకుని మనకి దక్కుతుందా?

అమ్మానాన్నల్ని చూసుకుంది నేనే, మందులకి పెట్టింది నేనే అనే అన్న మాటలోనూ న్యాయం ఉంది. దాన్ని కాదనొద్దు. పెట్టిన ఖర్చు కాగితం మీద రాసి, అందరి ముందూ లెక్క తీయండి. ఆ మేరకు సర్దుకోండి. యాభై వేల మందుల ఖర్చు చూపించి ముప్పై లక్షల హక్కు చెరిపేయడం మాత్రం లెక్క కాదు.

మనది చిన్న ఆస్తే, అందులోనూ వాటాలేంటని ఇంకొందరు అంటారు. మూడు సెంట్ల స్థలమైనా సరే, భర్త వదిలేసిన ఆడమనిషికి అందులో ఒక గది ఉండటానికీ లేకపోవడానికీ మధ్య తేడా ఎంతో ఆమెనడగండి.

5. ఈ నెల చేయాల్సిన పని

ఇంట్లో అందరూ కూర్చుని ఆస్తి, అప్పు రెండూ ఒక కాగితం మీద రాయండి. సర్వే నంబరు, ఎవరి పేరుంది, అది పట్టానా అసైన్డా, అన్నీ అందులో ఉండాలి. ఆడవాళ్లు ఆ కాగితం చూడాలి, చదవలేకపోతే పైకి చదివి వినిపించాలి.

తల్లిదండ్రులు బతికుండగానే వాటాల మాట ఎత్తండి. శవం దగ్గర ఎత్తితే అది గొడవే అవుతుంది.

అన్నదమ్ములు తామే ముందుగా చెప్పండి, అక్కచెల్లెళ్లు అడిగేదాకా ఆగొద్దు. భూమి ముక్క చేయడం కుదరకపోతే ఈనాటి ధర కట్టి, వాయిదాల్లోనైనా ఇవ్వండి.

హక్కు వదులుకునే పత్రం మీద ఎవరు సంతకం అడిగినా అప్పటికప్పుడు పెట్టొద్దు. ఇంటికి తీసుకెళ్లి, తెలిసినవాళ్లతో చదివించుకుని, నాలుగు రోజులు ఆలోచించాకే నిర్ణయం చెప్పండి. ఉచిత సలహాకి మండల న్యాయ సేవల కమిటీ ఉంది.

చర్చకి ప్రశ్నలు:

అ) మీ ఊళ్లో రోడ్డు పడ్డాక ఎవరి ఆస్తి ఎంత పెరిగింది? అందులో మన వాడకి వచ్చిందెంత?

ఆ) మీ సంఘంలో ఎన్ని కుటుంబాలు కూతురికి భూమిలో గానీ ఇంట్లో గానీ వాటా ఇచ్చాయి? వేళ్ల మీద లెక్కపెట్టండి.

ఇ) భయంతో వదులుకున్నదానికీ మనసారా ఇచ్చినదానికీ తేడా ఎలా తెలుస్తుంది?

పై కులాల దగ్గర మన వాటా అడిగే హక్కు మనకుంది. గట్టిగా అడుగుదాం. అడిగేటప్పుడు మన చెల్లెలు కూడా పక్కన నిలబడాలంటే, ఆమె వాటా ముందు ఆమె చేతిలో పెట్టాలి.

జై భీమ్. నమో బుద్ధాయ.