కొత్త బేరింగు ఊరికే పోదు

ప్రశ్న: మా నాన్నగారి 1978 యెజ్డీ 250 ఇప్పటికీ నేనే నడుపుతున్నాను. ఏడాదిలో వెనక చక్రం బేరింగులు రెండుసార్లు మార్పించాను. మళ్లీ గుర్రుమని శబ్దం, మలుపుల్లో వెనక భాగం ఊగుతోంది. కంపెనీయే లేదు, ఒరిజినల్ దొరకదు, అమ్మేయమంటున్నాడు మెకానిక్కు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: అమ్మకండి. మైసూరు ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లో మూతపడిన మాట నిజమే గానీ, బేరింగుకి ఆ కంపెనీతో పనిలేదు. పాత బేరింగు అంచు తుడిచి చూడండి, నంబరు చెక్కి ఉంటుంది. ఆ నంబరే కొలత. ఉదాహరణకు 6203 అంటే లోపలి రంధ్రం 17 మిల్లీమీటర్లు, బయటి కొలత 40, మందం 12. ఎవరు తయారుచేసినా ఇంతే. నకిలీలు ఎక్కువ కాబట్టి బేరింగుల షాపులో బిల్లుతో కొనండి. నంబరు పక్కన 2ఆర్ఎస్ అని ఉంటే రెండు వైపులా రబ్బరు సీలు ఉన్నట్టు. మన దుమ్ముకీ వానకీ అదే మేలు.

అయితే ఏడాదిలో రెండు జతలు పోయాయంటే చూడాల్సింది హబ్బు లోపల. రెండు బేరింగుల మధ్య స్పేసరు అనే గొట్టం ఉంటుంది. యాక్సిల్ నట్టు బిగిస్తే పడే ఒత్తిడంతా అదే మోస్తుంది. అది లేకపోయినా, అరిగి పొట్టిదైనా, బయటి రింగులు ఉన్నచోటే ఉండి లోపలి రింగులు మాత్రం ఒకదాని వైపు ఒకటి జరుగుతాయి. అప్పుడు గోళీలు గాడి మధ్యలో కాకుండా అంచున రాసుకుంటూ తిరుగుతాయి. ఎంత మంచి బేరింగైనా అలా ఎన్నాళ్లో నిలవదు. నట్టు వదులుగా ఉన్నప్పుడు హాయిగా తిరిగే చక్రం, బిగించగానే బరువెక్కిందంటే అనుమానం అక్కర్లేదు. లేత్ షాపులో సరైన పొడవుకి కొత్త ఇనుప గొట్టం చేయించండి.

బిగించే పద్ధతీ ముఖ్యమే. బేరింగులను రాత్రంతా ఫ్రీజరులో ఉంచండి. అల్యూమినియం హబ్బును హీట్ గన్‌తో, నీటి చుక్క పడితే చుయ్యిమనేంత వేడి చేయండి. అప్పుడు బేరింగు దాదాపు చేతి బలంతోనే దిగుతుంది. కొట్టక తప్పకపోతే బయటి రింగు మీదే దెబ్బ పడాలి. లోపలి రింగు మీద సుత్తి పడితే గాడిలో గోళీల గుర్తులు పడతాయి, ఆ బేరింగు బండికి ఎక్కకముందే పోయినట్టు. మొదటిదాన్ని చివరిదాకా దింపి, స్పేసరు పెట్టి, రెండోది ఆ గొట్టానికి తగలగానే ఆపేయండి.

ఇంకొక మాట. యెజ్డీలో చక్రం ఊడదీసినా స్ప్రాకెట్ చైన్‌కేసుతో పాటు బండికే ఉండిపోతుంది. దానికి వేరే బేరింగు ఉంది. చాలా షెడ్లలో చక్రంలోవి మార్చి పంపేస్తారు, దీన్ని ముట్టుకోరు. స్ప్రాకెట్‌ను చేత్తో పట్టుకుని ఊపి చూడండి. మీరు వింటున్న గుర్రు అక్కడిదే కావచ్చు.

ప్రశ్న: పాత బుల్లెట్ ముందు చక్రం హబ్బులోంచి బేరింగు చేత్తోనే ఊడొస్తోంది. లోపల పంచ్‌తో చుక్కలు కొట్టి బిగించేస్తానంటున్నారు. సరేననమంటారా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: వద్దండీ. చుక్క కొట్టినచోట లేచిన మొనలు మాత్రమే బేరింగును పట్టుకుంటాయి. నాలుగు గుంతల్లో పడేసరికి అవి చదునైపోతాయి, బేరింగు మళ్లీ హబ్బులోనే తిరుగుతూ దాన్ని ఇంకా తినేస్తుంది. ముందు చక్రం మీద ఇలాంటి పనికి నేను ఒప్పుకోను. వదులు వెంట్రుకవాసి అయితే బేరింగులు అతికించే రిటెయినింగ్ కాంపౌండ్ దొరుకుతుంది. గ్రీజు జాడ లేకుండా థిన్నరుతో తుడిచి, పూసి, ఒక రోజంతా కదపకండి. బ్రేకు లైనర్లకు అంటకుండా చూసుకోండి. అంతకు మించిన వదులైతే లేత్ మీద హబ్బు బోరు చేయించి బుష్ వేయించడమే దారి. అందుకు స్పోకులు విప్పాల్సి రావచ్చు. మళ్లీ కట్టి, రిమ్ము బెండు తీయించే ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. అది పూర్తయ్యేదాకా బండి రోడ్డెక్కించకండి.