చెనక్కాయ ధర – తేడా డబ్బు

మా నాన్న వేరుశనగ రైతు. మా అనంతపురం వైపు దాన్ని చెనక్కాయ అంటాం. మూడెకరాలు సొంతం, నాలుగెకరాలు కౌలు. పోయినేడు కాయలు సరిగా ఆరకముందే కళ్లంలోనే అమ్మేశాడు. "ఇంకో నెల ఆగుంటే ధర వచ్చేది కదా నాన్నా" అన్నాను. "నీ హాస్టలు ఫీజు ఆగుతుందేమిరా?" అన్నాడు. నాకు జవాబు తోచలేదు.

ప్రభుత్వం ప్రకటించే మద్దతు ధరకూ, రైతు చేతికొచ్చే ధరకూ మధ్య తేడాను ఎవరు భరించాలి? ఈ ప్రశ్నకు రెండు దారులున్నాయి. మొదటిది, ప్రభుత్వ సంస్థలే సరుకు కొనడం. దీనికి గోదాములు, గోనె సంచులు, మనుషులు కావాలి. రెండవది, సరుకు ముట్టుకోకుండా, తగ్గిన ధర మేరకు డబ్బును రైతు ఖాతాలో వేయడం. ఈ రెండో దారిని 2017 ఖరీఫ్‌లో మధ్యప్రదేశ్ "భావాంతర్" పేరుతో సోయా, వేరుశనగ, నువ్వులతో సహా ఎనిమిది పంటలకు అమలు చేసింది. 2018లో కేంద్రం నూనెగింజల కోసం పి.ఎం. ఆశా పథకంలో దీన్ని చేర్చింది.

వినడానికి బాగానే ఉంది. కాని లెక్క వేసి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. మధ్యప్రదేశ్ పద్ధతిలో రాష్ట్రంలోని మార్కెట్ల ధరలకు మరో రెండు రాష్ట్రాల ధరలు కూడా కలిపి ఒక సగటు కట్టారు. ఆ సూత్రాన్ని మన చెనక్కాయకు పెట్టి చూద్దాం. 2025-26 ఖరీఫ్‌కు మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. సగటు ధర 6,300 అనుకుందాం. తేడా 963.

మొదటి రైతు 6,600కి అమ్మాడు. అతనికి 663 వస్తుంది, మద్దతు ధర పూర్తిగా దక్కినట్టే. రెండో రైతు 5,700కి అమ్మాడు. అతనికి వచ్చేది 963 మాత్రమే. మొత్తం 6,663, అంటే ఇంకా 600 తక్కువ. తక్కువకు అమ్ముకున్నవాడే నష్టపోయాడన్నమాట! వ్యాపారి, రైతు కుమ్మక్కై తక్కువ ధర రాయించుకోకుండా ఈ కట్టుబాటు అవసరమే. కాని అవసరం కొద్దీ తెగనమ్ముకున్నవాడికీ అదే శిక్ష పడుతోంది.

ఇంకో చిక్కు గడువు. నిర్ణీత రోజుల్లోనే అమ్మాలంటే అందరి బండ్లూ ఒకేసారి మార్కెట్టుకు వస్తాయి. సరుకు ఎక్కువైతే ధర పడుతుంది. 2017లో మధ్యప్రదేశ్ రైతులు మొరపెట్టుకున్నదీ ఇదే. 2024లో కేంద్రం అమలు కాలాన్ని మూడు నెలల నుంచి నాలుగుకు, నూనెగింజల్లో రాష్ట్ర ఉత్పత్తిలో 25 శాతం నుంచి 40 శాతానికి పెంచింది. కేంద్రం భరించే తేడా మాత్రం మద్దతు ధరలో 15 శాతానికి మించదు. చెనక్కాయకైతే అది సుమారు 1,089 రూపాయలు. సగటు 5,900కి పడితే తేడా 1,363. మిగిలిన 274 ఎవరివ్వాలి? రాష్ట్రం ఇవ్వాలి, లేదా రైతు వదులుకోవాలి.

ఇప్పుడు మా నాన్న దగ్గరికి వద్దాం. ఇటువంటి పథకంలో ముందుగా పేరు నమోదు కావాలి, మార్కెట్ యార్డులో అమ్మిన రసీదు ఉండాలి. కళ్లంలో అమ్మినవాడికి రసీదెక్కడిది? కౌలు పొలానికి పాసుపుస్తకం యజమాని పేర ఉంటుంది. పండించిన పేరు ఎవరిదని రాయాలి? అంటే రేపు ఈ డబ్బు మా ఊరికి వచ్చినా మా ఇంటి గడప దాకా రాకపోవచ్చు.

కనుక తేడా డబ్బు ఒక్కటే చాలదు. కోత సమయంలో రైతు చేతిలో నాలుగు డబ్బులుండి, నెలరోజులు ఆగగలిగే శక్తి రావాలి. కౌలుదారు పేరు కాగితం మీదికి ఎక్కాలి. మన కళాశాలలో చాలామందిమి రైతుబిడ్డలమే. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు నమోదు గడువేదో, రసీదు ఉందో లేదో అడిగి చూద్దాం. ఫీజు కట్టిన చేతికి మనం చేయగల చిన్న సాయం అది.