మీట నునుపు – వేలి అదుపు

ఉద్దేశం: యంత్రంలోని చిన్న లోపాన్ని సరిదిద్దడానికి కూడా శాస్త్రదృష్టి, సహనం, బాధ్యత అవసరమని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

హైదరాబాదు నగరానికి తూర్పున ఉన్న దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలు శిక్షణ సంస్థలకు, విద్యార్థి వసతిగృహాలకు పేరుపొందినవి. వారమంతా పుస్తకాలతో గడిపిన యువత సెలవు దినాన ఎల్.బి.నగర్ కూడలి దాటి విజయవాడ రహదారి పట్టడం పరిపాటి. ఆ దారిలో ఉన్న రామోజీ ఫిల్మ్ సిటీలోని ‘సాహస్’ విభాగం వంటి చోట్ల పెయింట్‌బాల్ క్రీడ ఎందరికో పరిచయమైంది. రెండు జట్లుగా విడిపోయి, రంగు నింపిన గుళికలను ఒకరిపైనొకరు ప్రయోగించుకొనే ఆట ఇది. రంగు అంటినవాడు ఆట నుండి తొలగుతాడు.

ఈ క్రీడలో వాడే సాధనాన్ని తుపాకి అనరు, ‘మార్కర్’ అంటారు. మార్కర్ అంటే గుర్తు పెట్టేది. అమెరికాలో అటవీ సిబ్బంది నరకవలసిన చెట్లకు, పశుపాలకులు తమ పశువులకు దూరం నుండి రంగు గుర్తు వేయడానికి దీనిని వాడేవారు. 1981 జూన్ 27న న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని హెన్నికర్ అనే ఊరి అడవిలో 12 మంది ఈ సాధనంతో తొలి ఆట ఆడారు. అందులో గెలిచిన రిచీ వైట్ అటవీ వృత్తికి చెందినవాడు. అతడు ఒక్క గుళికైనా పేల్చకుండానే జెండాలన్నీ సేకరించాడు. మీటపై వేలుంచడం కంటె దానిని అదుపులో ఉంచడమే గొప్పదని ఆ తొలి ఆటే చాటింది.

అయితే ఆ మీటే మొరాయిస్తే వేలికి అదుపు ఎక్కడిది? పలువురి చేతులు మారిన మార్కర్లలో తరచుగా కనిపించే లోపం మీట గరుకెక్కడం. నొక్కినప్పుడు అది సాఫీగా కదలక మధ్యలో పట్టేస్తుంది. బలం పెంచితే ఒక్కసారిగా జారుతుంది. ఆ కుదుపుకు గొట్టం పక్కకు తిరిగి గురి తప్పుతుంది. ఎల్.బి.నగర్ కూడలి రద్దీలో మోటారు సైకిలు నడిపేవారికి ఇటువంటి ఇబ్బంది తెలిసినదే. క్లచ్ తీగ ఎండిపోతే పిడి బిగుసుకొంటుంది, బండి గంతు వేస్తుంది. లోపం పిడిలో లేదు, కంటికి కనబడని తీగ రాపిడిలో ఉంది. మార్కర్ విషయమూ అంతే.

సాధారణ యాంత్రిక మార్కర్‌లో మీట వెనుక ‘సియర్’ అనే చిన్న లోహపు కొక్కెం ఉంటుంది. బలమైన స్ప్రింగు ముందుకు తోస్తున్న లోహపు దిమ్మెను, అనగా ‘హ్యామర్’ను, ఈ కొక్కెం ఆపి ఉంచుతుంది. మీట నొక్కితే కొక్కెం పట్టు వదులుతుంది. దిమ్మె ముందుకు దూకి వాల్వును తాకుతుంది. వాయువు వెలువడి గుళికను బయటికి తోస్తుంది. చాలా నమూనాలలో ఆ వాయువులో కొంత భాగం దిమ్మెను తిరిగి వెనుకకు నెడుతుంది. కొక్కెం మళ్ళీ దానిని పట్టుకొంటుంది. వేలికి తెలిసే గరుకుదనమంతా ఈ భాగాలు ఒకదానితోనొకటి రాసుకొనే చోట పుడుతుంది. పగిలిన గుళికల రంగు ఎండి అంటుకోవడం, దుమ్ముతో కలిసి నూనె జిగురెక్కడం, తయారీలో మిగిలిన లోహపు అంచులు, వంగిన పిన్నులు దీనికి ప్రధాన కారణాలు.

మరమ్మతుకు ముందు రక్షణ ముఖ్యం. ముఖకవచం ధరించి, గుళికలన్నిటిని తీసివేయాలి. వాయువు సీసాను విప్పాలి. గొట్టాన్ని ఎవరూ లేని దిక్కుకు తిప్పి మిగిలిన వాయువును వదిలించాలి. దిమ్మె విడుదలై ఉన్నదని నిర్ధారించుకొన్న తరువాతనే మరలు విప్పాలి. విప్పే ప్రతి భాగం ఎక్కడ, ఏ వైపుగా ఉన్నదో బొమ్మ గీసుకోవడమో, ఫోటో తీసుకోవడమో మంచిది.

మొదటి పని శుభ్రత. ఎండిన రంగును తడిగుడ్డతో తుడిచి, భాగాలను పూర్తిగా ఆరబెట్టాలి. చాలాసార్లు లోపం ఇక్కడితోనే తొలగిపోతుంది. తొలగకపోతే పిన్నులను సమతలంపై దొర్లించి, వంకర ఉంటే మార్చాలి. ఆ తరువాత మీట పక్కభాగాలను, మీట కొక్కేనికి తగిలే తలాన్ని 1000, 2000 నంబర్ల సన్నని ఎమరీ కాగితంతో తేలికగా రుద్ది మెరుగుపెట్టాలి. చివరగా తయారీదారు సూచించిన కందెనను మాత్రమే కొద్దిగా రాయాలి. తగని నూనెలు రబ్బరు వలయాలను పాడుచేస్తాయి.

ఈ పనిలో ఒక ప్రలోభం పొంచి ఉంటుంది. నునుపు చేయబోయి మీటను మరీ తేలిక చేయాలని కొందరు స్ప్రింగును కత్తిరిస్తారు, కొక్కెం పట్టే అంచునే అరగదీస్తారు. ఆ అంచు కోణం మారితే పట్టు సడలుతుంది. అప్పుడు మార్కర్ కింద పడినా, కుదుపు తగిలినా దానంతటదే పేలవచ్చు. మైదానాల్లో సాధారణంగా అనుమతించే గరిష్ఠ వేగం సెకనుకు 300 అడుగులు. అది గంటకు దాదాపు 330 కిలోమీటర్లతో సమానం. ముఖకవచం లేని కంటికి ఆ దెబ్బ చూపును శాశ్వతంగా పోగొట్టగలదు. కనుక తిరిగి బిగించిన పిమ్మట, వాయువు లేకుండా దిమ్మెను వెనుకకు లాగి నిలిపి, మార్కర్ పక్కభాగాన్ని అరచేతితో తట్టి చూడాలి. కొక్కెం పట్టు వదిలితే ఆ భాగం పనికిరాదు, కొత్తది వేయాలి. రక్షణ మీటను కూడా పరీక్షించాలి.

నునుపు వేరు, తేలిక వేరు. ఈ భేదాన్ని షూటింగ్ క్రీడ నియమంగానే పాటిస్తుంది. అంతర్జాతీయ పోటీలలో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ మీట కనీసం 500 గ్రాముల బరువును, 25 మీటర్ల పిస్టల్ మీట కనీసం 1000 గ్రాముల బరువును ఆపగలగాలి. మీటకు ఆ బరువు తగిలించి పరీక్షిస్తారు. 2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో ఒక స్వర్ణం, మూడు రజత పతకాలు సాధించిన హైదరాబాదు క్రీడాకారిణి ఈషా సింగ్ గురి కుదిరింది ఈ నియమాలకు లోబడిన మీటలపైనే. బరువు ఆమెకు అడ్డు కాలేదు. ఎప్పుడు వదలాలో నిర్ణయించుకొనే అవకాశాన్ని ఆ బరువే వేలికి ఇస్తుంది.

మంచి మీటకు బరువుండాలి, గరుకు ఉండరాదు. గరుకును తొలగించడం చేతిపని. బరువును తొలగించకుండా ఆగడం వివేకం. పనిముట్టును చక్కదిద్దేవాడు తన వేలి సుఖాన్నే కాక ఎదుటివాని కన్నును కూడా తలచుకొన్ననాడే ఆ పని సంపూర్ణమవుతుంది.

ప్రశ్నలు
1. మార్కర్‌కు ఆ పేరు ఎట్లా వచ్చింది?
2. మీట గరుకెక్కడానికి గల కారణాలను తెలపండి.
3. ‘నునుపు వేరు, తేలిక వేరు’ – ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
4. మీ ఇంట్లోని ఒక పనిముట్టు మరమ్మతును గురించి పది వాక్యాలు రాయండి. అందులో పాటించవలసిన జాగ్రత్తలను పేర్కొనండి.