లినక్సు యంత్రములలో దోషశోధన

ఒక పాఠశాలలో నొకనాడు కంప్యూటరునకు నెట్‌వర్కు సంబంధము తెగిపోయెను. తొందరపడిన యొకరు డిస్కు నంతయు తుడిచి లినక్సును మరల స్థాపించిరి. పదవతరగతివారు మూడు నెలలు వ్రాసిన వ్యాసములు పోయెను. సంబంధము మాత్రము రాలేదు. తుదకు చూడగా గోడకడ తీగ వదులై యుండెను. రోగ మెరుగక మందిచ్చుట యిట్టిది.

లినక్సనగా 1991వ సంవత్సరమున ఫిన్లాండు దేశపు విద్యార్థి యగు లైనస్ టోర్వాల్డ్స్ వెల్లడించిన కెర్నెలు. మెమరీని, డిస్కును, నెట్‌వర్కు కార్డును ప్రోగ్రాములకు పంచి యిచ్చు మూలభాగమునకే కెర్నెలని పేరు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు లినక్సును తెలుగున నుపయోగించుటకు వీలు కల్పించిరి.

ఇందు కలుగు దోషములలో రెండింటిని విచారింతము.

మొదటిది, నెట్‌వర్కు అమరికలోని దోషము. దీనిని క్రిందినుండి పైకి పరీక్షింపవలెను.

1. తీగ: ‘ఐపీ లింక్’ అను ఆజ్ఞ యిచ్చినచో కార్డుల పేర్లును స్థితియు కనబడును. ‘నో క్యారియర్’ అని యున్నచో తీగను, స్విచ్చును చూడుడు.

2. పేరు: పూర్వము మొదటి కార్డును ‘ఈత్0’ అనుచుండిరి. 2013లో వచ్చిన పద్ధతి ననుసరించి పెక్కు యంత్రములలో కార్డున్న స్థానమును బట్టి ‘ఈఎన్‌పీ3ఎస్0’ వంటి పేరు కలుగును. అమరిక ఫైలులో పాతపేరే యున్నచో ఆ యమరిక కార్డునకు చేరదు.

3. చిరునామా: దీనిని ‘ఐపీ అడ్రస్’ తెలుపును. ఒకే చిరునామా రెండు యంత్రములకున్నచో, ఒకే నంబరుగల రెండిండ్లకువలె జాబులు తారుమారగును.

4. దారి: సూర్యాపేటలో నొక యింటినుండి మరియొక యింటికి జాబు పంపుటకు ఊరు దాట నక్కరలేదు. కోదాడకో మిర్యాలగూడకో పంపవలెనన్న ఊరు వెడలు దారి తెలియవలెను. యంత్రమునకు ఆ దారి చూపునదే గేట్‌వే. ‘ఐపీ రూట్’ దానిని తెలుపును. యంత్రము 192.168.1.10, మాస్కు 24 అయి, గేట్‌వే 192.168.2.1 అని వ్రాసినచో, ఆ ద్వారము మన యూరిలోనే లేదు!

5. పేర్ల పట్టిక: బయటి యంత్రమును సంఖ్యతో ‘పింగ్’ చేయగా బదులు వచ్చి, పేరుతో చేయగా రానిచో, దోషము డీఎన్‌ఎస్‌లో నున్నది.

రెండవది, కెర్నెలు కూలుట. చిరునామా తప్పువ్రాసినంతమాత్రమున సాధారణముగా కెర్నెలు కూలదు. కాని కార్డును నడుపు డ్రైవరు కెర్నెలులోపలనే పనిచేయును గనుక, దాని దోషము యంత్రము నంతయు నిలుపగలదు. ‘ఊప్స్’ అనునది గాయము. యంత్రము కుంటుచు నడువవచ్చును. ‘పానిక్’ అనగా పూర్తిగా నిలిచిపోవుట. అప్పుడు తెరమీది మాటలను ఫొటో తీసికొనుడు. అవి డిస్కులో వ్రాయబడక పోవచ్చును. పిమ్మట యంత్రమును మరల ప్రారంభించి, గ్రబ్ పట్టికలో వెనుకటి కెర్నెలు నెన్నుకొనుడు. దానితో నడిచినచో, క్రొత్త కెర్నెలునో దాని డ్రైవరులనో అనుమానింపవలెను. అప్పటికిని కూలుచున్నచో మెమరీని పరీక్షింపుడు.

మూడు నియమములు మరువకుడు. తెరమీది మాట చదువక దేనిని తాకకుడు. మార్చుటకు ముందు నకలు తీసి యుంచుడు. ఒక్కమారు ఒక్కటియే మార్చి, ఫలితమును పుస్తకములో వ్రాసికొనుడు. ఆ పాఠశాలవారు వీనిలో మొదటిదైనను పాటించి యుండినచో, పిల్లల వ్యాసములు నేడును నిలిచి యుండెడివి.