కొత్త బ్రౌజర్‌కి మారబోయే ముందు

చిట్టీ,

క్రోమ్ మానేసి వేరే బ్రౌజర్ చూసుకుంటానని రాశావు. చాలా సంతోషించాను. రాత్రిపూట నువ్వేం చదువుకున్నావో, ఏ జబ్బు గురించి వెతికావో ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మిదిమందీ ఏకగ్రీవంగా చెప్పారు.

ఇన్‌కాగ్నిటోలో చూస్తున్నాగా అనుకుని ఊరుకోకు. అది నీ ల్యాప్‌టాప్‌లో హిస్టరీ మిగలకుండా చేస్తుంది, అంతే. సైట్లకీ, కాలేజీ వైఫై నడిపేవాళ్లకీ నువ్వు ఎప్పటిలాగే కనిపిస్తావు.

ఏది ఎక్కించుకున్నా దాన్ని చేసేవాళ్లకి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోందో ముందు కనుక్కో. బ్రేవ్ బ్రౌజర్‌ని జావాస్క్రిప్ట్ సృష్టికర్త బ్రెండన్ ఐక్ మరొకరితో కలిసి మొదలుపెట్టాడు. వేగంగా ఉంటుంది, ఏ సెట్టింగూ ముట్టుకోకుండానే ట్రాకర్లను ఆపుతుంది. కానీ 2020లో కొన్ని క్రిప్టో సైట్ల అడ్రసు టైప్ చేస్తుంటే బ్రేవ్ తనకి కమిషన్ తెచ్చే రిఫరల్ కోడ్‌ని దానంతటదే తగిలిస్తోందని బయటపడింది. ఐక్ తప్పు ఒప్పుకుని సరిచేశాడు. ఫైర్‌ఫాక్స్ వెనకున్న మొజిల్లా లాభాపేక్ష లేని సంస్థే. అయినా దాని రాబడిలో పెద్ద వాటా డిఫాల్ట్ సెర్చ్‌గా ఉన్నందుకు గూగుల్ ఇచ్చే సొమ్మే. మచ్చలేనిది దొరకదు తల్లీ.

నన్నడిగితే ఫైర్‌ఫాక్స్‌తో మొదలుపెట్టు. బ్రేవ్, వివాల్డి, ఎడ్జ్ అన్నీ గూగుల్ నడిపించే క్రోమియం మీదే కట్టినవి. ఫైర్‌ఫాక్స్‌కి సొంత ఇంజిన్ ఉంది. క్రోమ్ ఎక్స్‌టెన్షన్ల నియమాలు మార్చినప్పుడు అందులో ప్రకటనల్ని ఆపే యూబ్లాక్ ఆరిజిన్ పూర్తి రూపం ఆగిపోయింది, ఫైర్‌ఫాక్స్‌లో ఇప్పటికీ పనిచేస్తోంది. ఆ ఒక్కటీ వేసుకో, చాలు. ఎక్స్‌టెన్షన్లు పెరిగేకొద్దీ నీ బ్రౌజర్ పదిమందిలో ప్రత్యేకంగా తయారవుతుంది. స్క్రీన్ కొలత, ఫాంట్లు, భాష, టైమ్ జోన్ ఇవన్నీ కలిపి చూసి, కుకీ లేకుండానే మనిషిని పోల్చుకునే పద్ధతులున్నాయి.

టార్ బ్రౌజర్ పద్ధతే వేరు. తనని వాడేవాళ్లంతా ఒకేలా కనిపించాలన్నది దాని పట్టుదల, అందుకే దానికి ఏ ఎక్స్‌టెన్షనూ చేర్చకు. నీ ట్రాఫిక్ మూడు రిలే సర్వర్ల మీదుగా తిరిగి వెళ్తుంది కాబట్టి నెమ్మదిగానే ఉంటుంది. బ్యాంకు పనికి మాత్రం వాడొద్దు. ఏదో దేశం అడ్రసు నుంచి లాగిన్ వస్తోందని వాళ్లు అకౌంట్ ఆపేస్తే నీకే తలనొప్పి.

పాత బ్రౌజర్‌ని వెంటనే తీసెయ్యకు. పరీక్ష ఫీజు కట్టే రోజు కాలేజీ సైట్ మొరాయిస్తే అది పనికొస్తుంది. పాస్‌వర్డ్‌లు ఎక్స్‌పోర్ట్ చేస్తే వచ్చే ఫైల్‌ని ఎవరైనా తెరిచి చదివేయొచ్చు. కొత్తదాంట్లోకి ఎక్కించగానే చెరిపెయ్యి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా.

మీ నాన్న ఫోన్‌లో ఇప్పుడే ఏదీ మార్చకు. పక్కన ఫైర్‌ఫాక్స్ పెట్టి, యూబ్లాక్ వేసి, రోజూ చదివే పేపర్ అందులో తెరిచి చూపించు. ప్రకటనలు అడ్డు రాకపోతే వాడే అడుగుతాడు.

మీ పెద్దనాన్న