లోతైన రీఫుల వద్ద స్నాపర్ వేట – వదిలిన చేప మనుగడ

మెక్సికో సింధుశాఖలో వినోదపు వేటకూ వాణిజ్య వేటకూ ఎర్ర స్నాపర్ (లుట్జానస్ కాంపెచానస్) అత్యంత ప్రధానమైన చేపలలో ఒకటి. సాగరగర్భ శిలాదిబ్బలు, మునిగిన ఓడలు, చమురు వేదికల కాళ్లు, అలబామా తీరాన నిర్మించిన కృత్రిమ రీఫులు దీని ఆవాసాలు. ఇది 50 ఏళ్లకు పైగా జీవించగలదు. 1996లో లూసియానా తీరాన గాలానికి చిక్కిన ఒక చేప 22 కిలోలకు మించి తూగింది.

ఇంతటి చేపను పట్టడంలో అసలు పోరాటం తొలి కొన్ని మీటర్లలోనే తేలిపోతుంది. గాలం తగలగానే చేప తల కిందికి తిప్పి రాతి సందులోకి చొరబడుతుంది. బండ అంచుకు ఒరుసుకొని దారం తెగుతుంది. అందుచేత ఎరను అడుగుకు ఆనించక కొంత పైన నిలిపి, రీలు డ్రాగ్‌ను ముందే గట్టిగా బిగించి, చేపను రాళ్లకు దూరంగా లాగవలసి ఉంటుంది. సర్కిల్ గాలం వాడేటప్పుడు కర్రను ఒక్కసారిగా విదిలించరాదు. దారాన్ని నిలకడగా చుడితే గాలం దవడ మూలలో దానంతటదే నాటుకుంటుంది. గొంతులోనో కడుపులోనో గుచ్చుకునే ప్రమాదం తగ్గుతుంది గనుకనే, సహజమైన ఎరతో రీఫు చేపలను పట్టేవారు స్టెయిన్‌లెస్ స్టీలు కాని సర్కిల్ గాలాలనే వాడాలని 2008లో ఆ సింధుశాఖ ఫెడరల్ జలాల్లో నిబంధన విధించారు.

అసలు చిక్కు చేప పైకి వచ్చిన తరువాత మొదలవుతుంది. స్నాపర్ వాయుకోశానికి ఆహారనాళంతో సంబంధం ఉండదు. అందులోని వాయువు రక్తంలోకి శోషణం చెందితేనే తగ్గుతుంది, అందుకు గంటలు పడుతుంది. 60 మీటర్ల లోతులో పీడనం సుమారు 7 అట్మాస్ఫియర్లు. బాయిల్ నియమం ప్రకారం అక్కడి వాయువు ఉపరితలానికి చేరేసరికి ఏడు రెట్లు వ్యాకోచించాలి. చివరి 10 మీటర్లలోనే అది రెట్టింపవుతుంది. ఫలితంగా కోశం చిట్లవచ్చు, జీర్ణాశయం నోటి వెలుపలికి తోసుకొని రావచ్చు, కళ్లు ఉబ్బవచ్చు. నెమ్మదిగా లాగితే మేలన్న అభిప్రాయం సరికాదు; ఆ కొద్ది నిమిషాల జాప్యం వాయువును తగ్గించదు, చేపను మరింత అలసటకు గురిచేస్తుంది.

కనీస పరిమాణం, రోజువారీ పరిమితి వంటి నిబంధనల వల్ల ఎన్నో చేపలను తిరిగి వదలవలసి వస్తుంది. ఉబ్బిన చేప కిందికి ఈదలేక నీటిపై తేలుతూ డాల్ఫిన్లకు, సొరలకు ఆహారమవుతుంది. కాగితంపై అది వదిలిన చేపే, సముద్రంలో మాత్రం చచ్చిన చేప. పెద్ద ఆడ చేప విషయంలో ఈ నష్టం మరీ ఎక్కువ. తరచుగా ఉదహరించే ఒక అంచనా ప్రకారం 61 సెం.మీ. ఆడ స్నాపర్ ఒక్కటి, 42 సెం.మీ. ఆడ చేపలు 212 కలిసి పెట్టినన్ని గుడ్లు పెడుతుంది.

దీనికి రెండు మార్గాలున్నాయి. మొదటిది, బోలు సూదితో వాయువును వెలికి తీయడం. రొమ్ము రెక్క మొదలుకు కాస్త వెనుక, పొలుసు కింద, ఏటవాలుగా సూదిని గుచ్చాలి. నోటి నుంచి వెలికి వచ్చిన జీర్ణాశయాన్నే వాయుకోశమని పొరబడి పొడిచేవారు లేకపోలేదు. సూదిని 2008లో తప్పనిసరి చేసి, 2013లో ఆ నిబంధనను తొలగించారు. రెండవది, బరువు కట్టిన క్లిప్పును దవడకు తగిలించి చేపను లోతుకు దించి వదలడం. పీడనం పెరిగేకొద్దీ వాయువు తిరిగి కుదించుకుంటుంది. చేప తన ఆవాసం దగ్గరికే చేరుతుంది. గాయం చేయనవసరం లేని ఈ పద్ధతే మేలైనదని చెప్పాలి. అయితే పడవపై జాప్యం చేస్తే, ముఖ్యంగా వేసవిలో, ఏ సాధనమైనా అంతగా అక్కరకు రాదు.

2021లో చట్టమై 2022 జనవరిలో అమలులోకి వచ్చిన అమెరికా డిసెండ్ చట్టం, రీఫు చేపలను పట్టే పడవలో ఈ రెండింటిలో ఒకటి వాడకానికి సిద్ధంగా ఉండాలన్నది. దించే సాధనానికి కనీసం 16 ఔన్సుల, అంటే సుమారు 454 గ్రాముల, బరువు ఉండాలని అప్పట్లో నిర్దేశించారు. కానీ ఆ చట్టం సాధనాన్ని ఉంచమన్నదే గాని, వాడి తీరాలనలేదు. ఏ చేపకు అది అవసరమో గుర్తించడం, పడవ అంచునే నిమిషంలో పని ముగించడం వేటగాడికి నేర్పవలసినవి. ఆ బాధ్యత విస్తరణ సిబ్బందిదే.

బంగాళాఖాతంలోనూ లుట్జానస్ ప్రజాతి చేపలున్నాయి. మన తీరంలో గాలానికి చిక్కిన స్నాపర్‌ను వదలడం అరుదు. అది కుటుంబానికి ఆదాయం. కావున సాధనాలను యథాతథంగా ఇక్కడికి తేవడం కంటే, ఈ చేపలకు కనీస పరిమాణాన్ని సిఫారసు చేసే ముందు అవి ఏ లోతు నుంచి వస్తున్నాయో రేవులోనే గాలపు వేటగాళ్లను అడిగి నమోదు చేయడం మొదటి పని.