కొబ్బరి తోటల్లో వడ్రంగి పిట్ట: పరిశీలన, ఛాయాచిత్రణ

కొబ్బరి కాండం మీద గుండ్రని రంధ్రం కనిపించగానే నేరాన్ని వడ్రంగి పిట్టకు అంటగట్టడం తోటల్లో పరిపాటి. ఆ రంధ్రం ఆహారం కోసం తొలిచినదా, గూటి కోసమా, లేక ఎర్రముక్కు పురుగు ముందే లోపలి నుంచి తినివేసిన చెట్టుకు పడినదా అన్నది తేలకుండా రైతుకు సలహా ఇవ్వడం తగదు. అందుచేత విస్తరణ శాస్త్రవేత్తకు కావలసినది పిట్ట అందమైన చిత్రం కాదు. అది చేస్తున్న పని స్పష్టంగా తెలిసే చిత్రం.

ఈ తోటల్లో తరచుగా కనిపించేది బంగారు వీపు వడ్రంగి పిట్ట. శాస్త్రీయ నామం డైనోపియం బెంగాలెన్స్. పొడవు 26 నుంచి 29 సెం.మీ. మగపిట్టకు నుదుటి నుంచి కుచ్చు దాకా ఎరుపు. ఆడపిట్టకు నుదురు నల్లగా ఉండి తెల్ల చుక్కలుంటాయి, వెనుక కుచ్చు మాత్రమే ఎరుపు. గొంతు నలుపు, నడుము నలుపు. నడుము ఎర్రగా ఉంటే అది వేరే జాతి. కనుక నిర్ధారణకు నడుము కనిపించే చిత్రం ఒక్కటైనా ఉండాలి.

మనిషి అలికిడి కాగానే ఈ పిట్ట కాండం వెనుకకు తప్పుకుంటుంది. చుట్టూ తిరిగి వెంబడిస్తే అదీ తిరుగుతుంది. ఒకచోట కదలక నిలిస్తే కొంతసేపటికి మరికాస్త పైన బయటపడుతుంది. రెండు వేళ్లు ముందుకు, రెండు వెనుకకు ఉన్న పాదాలతో పట్టి, బిరుసైన తోకను ఊతగా ఆనించి పైకే ఎగబాకడం దాని అలవాటు. చిత్రంలో పైభాగాన ఖాళీ విడవాలి. ముక్కుతో పొడిచేటప్పుడు షట్టర్ వేగం సెకనులో 1000వ వంతుకు తగ్గకూడదు. తల మసకబారితే ముక్కున ఉన్నది పిల్లపురుగో, చెక్కపేడో తెలియదు.

శబ్దమూ ఆధారమే. బోలు కొయ్య మీద ఆగకుండా వేగంగా మోగించేది సంకేతం. దానివల్ల రంధ్రం పడదు. గూడు తొలిచేటప్పుడు దెబ్బలు నెమ్మదిగా పడతాయి, చెట్టు మొదట చెక్కపొట్టు రాలుతుంది. రంధ్రం నుంచి నమిలిన పీచు, గోధుమ రంగు ద్రవం వెలువడుతుంటే ముందుగా అనుమానించవలసినది ఎర్రముక్కు పురుగునే. అంతరపంట కోకో కాయల మీది గాట్లలో పంటి గుర్తులుంటే అవి ఎలుకవో, ఉడుతవో అవుతాయి.

ఫిబ్రవరి నుంచి జూలై వరకు గూటి దగ్గర ఫ్లాష్ వాడరాదు, కూత రికార్డులు వినిపించరాదు, మట్టలు నరకరాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ పక్షికి వర్తిస్తుంది.

ప్రతి చిత్రానికి చెట్టు గుర్తు, రంధ్రం ఎత్తు, సమయం, పిట్ట చేసిన పని జతపరచాలి. పురుగు లక్షణాలు పిట్ట రాకముందు నుంచే ఉన్నాయా అని రైతును అడిగి, ఆ జవాబును కూడా పక్కనే నమోదు చేయాలి.